కాపరి మారినా మంద చెదరరాదు

నంద్యాల: క్రైస్తవ సంఘ జీవితంలో నాయకత్వ మార్పు అనివార్యమైన ఘట్టం. గురువు బదిలీపై వెళతారు. బిషప్ పదవీ విరమణ చేస్తారు. సంఘాన్ని స్థాపించిన సేవకుడు కన్నుమూస్తారు. ఆ మార్పు సాఫీగా జరిగిన చోట దాని గురించి ఎవరూ మాట్లాడుకోరు. జరగని చోట మాత్రం ఒకే ప్రాంగణంలో రెండు ఆరాధనలు, ఆలయ ద్వారానికి రెండు తాళాలు, ఒకే ఇంట్లో అన్న ఒక పక్షం, తమ్ముడు మరొక పక్షం. తగవు పోలీసు ఠాణాకు, అక్కడి నుంచి న్యాయస్థానానికి చేరుతుంది. ఏ పక్షానికీ చెందని సామాన్య విశ్వాసులే ఇందులో అందరికన్నా ఎక్కువగా నష్టపోతారు. కుమార్తె వివాహం ఎవరిచేత జరిపించాలో తెలియని తండ్రి, మంచం పట్టి ప్రభు భోజన సంస్కారం కోసం ఎదురుచూసే వృద్ధురాలు, బాప్తిస్మానికి సిద్ధపడిన యువకుడు ఈ కోవలోని వారే.

అటువంటి సమయంలో సంఘాన్ని ధైర్యపరచడం ఎలా అన్నది ప్రతి తరంలోనూ ఎదురయ్యే ప్రశ్న. సమాధానం కోసం దూరం వెళ్లనక్కరలేదు. నాయకుని మరణం, చీలిక, సుదీర్ఘ నిరీక్షణ, పునరైక్యం అనే నాలుగు దశలనూ నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలు చవిచూశాయి. 28 సంవత్సరాల ఆ చరిత్ర నేటి సంఘాలకు పాఠం వంటిది.

అజరయ్య అనంతరం

వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1874లో తమిళనాడులోని తిరునెల్వేలి ప్రాంతంలో జన్మించారు. 1909లో మిషనరీగా దోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకుని, గ్రామీణ నిరుపేదల మధ్య సేవ ప్రారంభించారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవిని అలంకరించిన తొలి భారతీయుడు ఆయనే. చిన్నదిగా ఆరంభమైన దోర్నకల్ డయాసిస్ క్రమంగా విస్తరించి, కృష్ణా తీరంలో సి.ఎం.ఎస్. మిషను స్థాపించిన సంఘాలను, కర్నూలు, కడప ప్రాంతాలలో ఎస్.పి.జి. మిషను స్థాపించిన సంఘాలను తనలో కలుపుకొంది. నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు ప్రాంతాల సంఘాలు ఈ రెండవ కోవకు చెందినవి.

ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ శాఖలు వేర్వేరుగా ఉండడం భారతదేశంలో సువార్తకు ఆటంకమని అజరయ్య గట్టిగా విశ్వసించారు. 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశం నాటి నుంచి సంఘాల ఐక్యత కోసం పాటుపడ్డారు. కానీ ఫలితాన్ని కన్నులారా చూడలేదు. 1945 జనవరి 1న దోర్నకల్‌లో కన్నుమూశారు. ఐక్య ప్రణాళికలో చేరేందుకు దక్షిణాది ఆంగ్లికన్ డయాసిస్‌లకు అనుమతి ఇస్తూ ఆంగ్లికన్ మహాసభ తీర్మానించింది ఆ నెలలోనే.

32 సంవత్సరాలపాటు ఒకే వ్యక్తి నాయకత్వంలో నడిచిన డయాసిస్‌కు ఆయన లేని లోటు సామాన్యమైనది కాదు. అయితే 1935 నుంచి సహాయ బిషప్‌గా పనిచేస్తున్న ఎ.బి.ఎలియట్ ఆ బాధ్యతను స్వీకరించడంతో పరిపాలన కుంటుపడలేదు. గ్రామాలకు, గురువులకు సుపరిచితుడైన వ్యక్తి ముందుగానే సిద్ధంగా ఉండడం అందుకు దోహదపడింది. వారసత్వ నాయకత్వాన్ని నాయకుడు జీవించి ఉండగానే తీర్చిదిద్దాలన్నది ఇక్కడ గ్రహించవలసిన మొదటి విషయం.

1947లో వచ్చిన చీలిక

1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఆవిర్భవించింది. బిషప్పుల వ్యవస్థ ఉన్న ఆంగ్లికన్లు, ఆ వ్యవస్థ లేని మెథడిస్టులు, దక్షిణ ఇండియా ఐక్య సంఘంవారు ఒకే సంఘంగా ఏర్పడడం ప్రపంచ క్రైస్తవ చరిత్రలోనే అపూర్వం. ఆనాడు 14 డయాసిస్‌లతో ఈ సంఘం ప్రారంభమైంది.

అయితే నంద్యాల ప్రాంతంలోని ఆంగ్లికన్ సంఘాలలో అధిక భాగం ఇందులో చేరేందుకు సమ్మతించలేదు. అభ్యంతరానికి ప్రధాన కారణం గురువుల అభిషేకం. బిషప్ హస్తనిక్షేపణ పొందినవారే ప్రభు భోజన సంస్కారాన్ని జరిపించాలన్నది ఆంగ్లికన్ నియమం. కొత్త సంఘంలో మెథడిస్టు, కాంగ్రిగేషనల్ గురువులను తిరిగి అభిషేకించకుండానే యథాతథంగా అంగీకరించారు. తరతరాలుగా వస్తున్న విశ్వాసానికి ఇది భంగకరమని ఎస్.పి.జి. సంప్రదాయంలో పెరిగినవారు భావించారు. ఆంగ్లికన్ లోకంలో సైతం ఈ విషయమై ఏకాభిప్రాయం లేదు. 1948లో జరిగిన లాంబెత్ సమావేశంలో బిషప్పులు ఈ అంశంపై రెండు అభిప్రాయాలుగా విడిపోయారు. 1955లో గానీ ఇంగ్లండు సంఘం కొత్త సంఘంతో పరిమితమైన సహవాసానికి అంగీకరించలేదు.

తత్ఫలితంగా ఒకే బిషప్ కింద ఉన్న తెలుగు క్రైస్తవులు రెండు వేర్వేరు సంఘాల సభ్యులయ్యారు. దోర్నకల్ ఒక వైపు, నంద్యాల మరొక వైపు నిలిచాయి. నంద్యాల సంఘాలు కలకత్తా మెట్రోపాలిటన్ పాలనలోని పాత ఆంగ్లికన్ ప్రావిన్సులోనే కొనసాగాయి. 1963లో నంద్యాల ప్రత్యేక డయాసిస్‌గా రూపొందింది. 1970లో ఉత్తర ఇండియా సంఘం ఏర్పడడంతో ఆ పాత ప్రావిన్సు స్వరూపమే మారిపోయింది. చివరకు 1975లో నంద్యాల డయాసిస్ దక్షిణ ఇండియా సంఘంలో చేరింది.

మూయని తలుపు

28 సంవత్సరాల ఎడబాటు అనంతరం కలయిక సాధ్యం కావడం వెనుక గమనించదగిన అంశం ఒకటుంది. ఏ సంఘంపైనా దాని మనస్సాక్షికి విరుద్ధంగా ఆరాధన విధానాన్ని గానీ, గురువును గానీ బలవంతంగా రుద్దబోమని దక్షిణ ఇండియా సంఘం రాజ్యాంగంలోనే వాగ్దానం చేశారు. భవిష్యత్తులో గురువులందరికీ బిషప్పులే అభిషేకం చేస్తారని నిర్ణయిస్తూ, పాత గురువుల విషయంలో 30 సంవత్సరాల సంధికాలాన్ని నిర్దేశించారు. ఒక తరం గడిస్తే వివాదానికి మూలమైన పరిస్థితే మారుతుందని ప్రణాళికా రచయితలు ముందుచూపుతో ఆలోచించారు.

చేరనివారిని ద్రోహులుగా ముద్రవేసి ఉంటే, రాకపోకలు తెంచివేసి ఉంటే 1975 నాటి నిర్ణయం మరింత కఠినమయ్యేది. విభేదించినవారి మనస్సాక్షిని గౌరవించడం, తిరిగి వచ్చేందుకు తలుపు తెరచి ఉంచడం, తొందరపడకపోవడం ఈ చరిత్ర నేర్పే పాఠాలు. ఈ ఆదివారమే అందరూ ఒక్కటి కావాలని పట్టుబట్టే పెద్దలు గుర్తుంచుకోదగిన విషయమిది.

విడిపోయిన కాలంలో ఇరుపక్షాలకూ మిగిలిన ఉమ్మడి ఆస్తి కూడా తక్కువేమీ కాదు. ఒకే తెలుగు బైబిలు, ఒకే భాష, ఒకే బంధుత్వం. పురుషోత్తమ చౌదరి బాప్టిస్టు సేవకుడు. అయినా ఆయన రచించిన కీర్తనలను తెలుగునాట లూథరన్లు, ఆంగ్లికన్లు, బాప్టిస్టులు అందరూ తమవిగానే పాడుకుంటున్నారు. పాలకవర్గాలు విడిపోయినా పాట విడిపోలేదు.

లేఖనాలు చూపే మార్గం

సంఘంలో వర్గాలు నేటి విషయం కాదు. తొలి శతాబ్దంలోనే కొరింథు సంఘం పౌలు పక్షం, అపొల్లో పక్షం, కేఫా పక్షం అంటూ విభజన పొందింది. పౌలు తన పేరిట ఏర్పడిన వర్గాన్ని సైతం సమర్థించలేదు. నాటినవాడు, నీరుపోసినవాడు ఇద్దరూ పనివారేనని, పెంచేవాడు దేవుడేనని వివరించాడు. అదే పత్రిక చివరి అధ్యాయంలో పెద్దగా ఎవరి దృష్టికీ రాని ఒక వాక్యం ఉంది. కొరింథుకు వెళ్లవలసిందిగా పౌలు అపొల్లోను ఎంతగానో బతిమాలాడు. కానీ ఆ సమయంలో వెళ్లడానికి అపొల్లో ఇష్టపడలేదు. తన రాకతో వర్గ విభేదం మరింత రగులుతుందని ఆయన భావించి ఉండవచ్చునని వ్యాఖ్యాతలు చెబుతారు. బదిలీ అయిన తరువాత కూడా పాత సంఘంలోని తన అనుయాయుల ఇళ్లలో ప్రార్థనలు జరిపే గురువులకు అపొల్లో సంయమనం ఆదర్శం కావాలి.

అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయంలో మరొక వివాదం కనిపిస్తుంది. అనుదిన ఆహార పంపిణీలో తమ విధవరాండ్రకు అన్యాయం జరుగుతోందని గ్రీకు భాష మాట్లాడే విశ్వాసులు సణిగారు. అపొస్తలులు ఆ ఫిర్యాదును తిరుగుబాటుగా పరిగణించలేదు. ఏడుగురిని ఎన్నుకొమ్మని సంఘాన్నే కోరారు. ఎన్నికైన ఏడుగురి పేర్లూ గ్రీకు పేర్లే కావడం విశేషం. ఫిర్యాదు చేసిన వర్గం నమ్మేవారి చేతికే పంపిణీని అప్పగించారన్నమాట. సంఘ వివాదాలలో కమిటీని నియమించేటప్పుడు ఈ ఒక్క సూత్రాన్ని పాటిస్తే సగం అనుమానం తొలగిపోతుంది.

అధికార మార్పిడికి సంబంధించి పాత నిబంధనలో రెండు ఉదాహరణలున్నాయి. మోషే తన వారసుడైన యెహోషువను యాజకుని ఎదుట, సర్వసమాజం ఎదుట నిలబెట్టి హస్తనిక్షేపణ చేశాడు. నియామకం చీకటి గదిలో జరగలేదు. సమూయేలు వృద్ధాప్యంలో బాధ్యతల నుంచి తప్పుకుంటూ, తాను ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరినైనా పీడించానా, లంచం పుచ్చుకున్నానా చెప్పమని ప్రజలనే అడిగాడు. పదవి వీడే నాయకుడు లెక్క అప్పగించి వెళ్లాలన్న నియమానికి ఇంతకన్నా ప్రాచీన నిదర్శనం అరుదు.

ఎక్కడ ఎవరు నియమిస్తారు?

వివాదాలలో కొన్ని నియమాలు తెలియకపోవడం వల్లనే తలెత్తుతాయి. దక్షిణ ఇండియా సంఘంలో గురువును డయాసిస్ నియమిస్తుంది, బదిలీ చేస్తుంది. స్థానిక పాస్టరేట్ కమిటీ తన అభిప్రాయాన్ని విన్నవించుకోవచ్చు గానీ, తుది నిర్ణయం దానిది కాదు. బిషప్ పదవి ఖాళీ అయినప్పుడు డయాసిస్ కౌన్సిల్ ఓటింగు ద్వారా కొన్ని పేర్లను ఎంపిక చేసి పంపుతుంది. వారిలో ఒకరిని సినడ్ స్థాయిలో నిర్ణయిస్తారు. కొత్త బిషప్ వచ్చేవరకు మోడరేటర్ తరఫున నియమితులైనవారు పర్యవేక్షిస్తారు.

బాప్టిస్టు సంఘాలలో పద్ధతి ఇందుకు భిన్నం. అక్కడ సభ్యుల సమావేశమే కాపరిని ఆహ్వానిస్తుంది, అవసరమైతే సెలవిస్తుంది. అందువల్ల సభ్యుల పట్టీ సక్రమంగా లేని చోట ఎవరికి ఓటుహక్కు ఉందన్నదే మొదటి తగవు అవుతుంది. 1927లో ఏర్పడిన ఆంధ్ర సువార్త లూథరన్ సంఘంలో సినడ్‌లు, అధ్యక్షుడు, మహాసభ ద్వారా పరిపాలన సాగుతుంది. స్వతంత్ర సంఘాలలో ఈ విషయమై వ్రాతపూర్వక నిబంధన లేకపోవడం పరిపాటి. వ్యవస్థాపకుడు మరణించగానే కుమారుడా, సహ కాపరియా, పెద్దలా అన్న ప్రశ్న ఉత్పన్నమవుతుంది.

ఆస్తి, తాళం, న్యాయస్థానం

విడిపోయే వర్గం ఆలయం తమదేనని భావించడం సహజం. చందాలు వేసి, ఇటుకలు మోసి కట్టుకున్నది తామేనన్నది వారి వాదన. చట్టం మాత్రం ఆస్తి ఎవరి పేరిట ఉందన్నది చూస్తుంది. దక్షిణ ఇండియా సంఘం ఆస్తుల నిర్వహణకు 1947లోనే ఒక ట్రస్టు అసోసియేషన్‌ను నమోదు చేశారు. దాని పేరిట ఉన్న ఆలయాన్ని స్థానికులు విడిపోతూ తమ వెంట తీసుకుపోలేరు. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదైన సంఘాలలో పాలకవర్గ వివాదం ఏర్పడితే మధ్యవర్తిత్వ చట్టాన్ని ఆశ్రయించేందుకు గానీ, జిల్లా న్యాయస్థానంలో దరఖాస్తు చేసుకునేందుకు గానీ ఆ చట్టంలోని 23వ సెక్షన్ అవకాశం కల్పిస్తోంది. వ్యక్తి పేరిట కొన్న స్థలంలో సంఘం నడుస్తుంటే చిక్కు మరింత జటిలం. ఆ వ్యక్తి మరణానంతరం వారసులు హక్కుదారులమంటూ ముందుకు వస్తారు.

తగవు వీధికెక్కి శాంతిభద్రతలకు భంగం కలిగే పరిస్థితి వస్తే, 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 164వ సెక్షన్ కింద కార్యనిర్వాహక మేజిస్ట్రేటు జోక్యం చేసుకోవచ్చు. అవసరమైతే వివాదాస్పద ఆస్తిని తమ స్వాధీనంలోకి తీసుకునే అధికారమూ ఆయనకు ఉంటుంది. అప్పుడు ఆలయం ఇరుపక్షాలకూ దక్కదు. ఆదివారం ఆరాధన చెట్టు కిందికి చేరుతుంది. తాళం వేయడం ఒక్క పూటలో పని. తీయించడానికి ఏళ్లు పట్టవచ్చు.

సంధికాలంలో చేయదగినవి

పాత గురువు వెళ్లి కొత్తవారు కుదురుకునే నెలలే సంఘానికి పరీక్షాకాలం. ఈ కాలంలో ఆగకుండా సాగవలసిన పనులు నాలుగు. ఆదివారపు ఆరాధన, రోగుల పరామర్శ, అంత్యక్రియలు, పిల్లల సండే స్కూలు. వీటిలో ఏదీ పక్షం చూసి జరగరాదు. ముఖ్యంగా మరణం సంభవించిన ఇంటికి ఇరుపక్షాల పెద్దలూ వెళ్లి తీరాలి. సమాధుల తోటలో కలసి నిలబడినవారు సమావేశంలో ఒకరినొకరు దూషించుకోవడానికి కొంతైనా వెనుకాడతారు.

కానుకల లెక్క విషయంలో దాపరికం పనికిరాదు. ప్రతి ఆదివారం ఇరుపక్షాలవారు ఇద్దరు కలసి లెక్కించి, సంతకాలు చేసి, బ్యాంకులో జమచేసి, మొత్తాన్ని నోటీసు బోర్డులో ఉంచడం ఉత్తమ విధానం. వంట చేసేముందు పిడికెడు బియ్యం దేవుని పేరిట తీసి ఉంచే స్త్రీలున్న సంఘాలివి. ఆ పిడికెడు బియ్యం ఎక్కడికి పోయిందో అడిగే హక్కు వారికి ఉంది.

వదంతులకు విరుగుడు సమాచారమే. గురువు ఎందుకు మారారు, తరువాతి వారిని ఎవరు, ఎప్పటిలోగా నియమిస్తారు, అంతవరకు వివాహాలు, సంస్కారాలు ఎవరు జరిపిస్తారు అన్న విషయాలను వేదిక మీద నుంచి స్పష్టంగా ప్రకటించాలి. తెలియని దానిని తెలియదని చెప్పినా సంఘం సహిస్తుంది. దాచితే సహించదు.

కొత్తగా వచ్చే గురువు తొలి నెలలలో పెద్ద మార్పులు తలపెట్టక, ఇరుపక్షాల ఇళ్లనూ సమానంగా దర్శించడం శ్రేయస్కరం. తనను వ్యతిరేకించినవారి ఇంటికి ముందుగా వెళ్లినవారికి సంఘంలో గౌరవం పెరుగుతుంది. పాత గురువును పొగిడేవారిని శత్రువులుగా చూడరాదు. ప్రేమించిన కాపరి కోసం దుఃఖించడం సహజం. ఆ దుఃఖానికి కొంత వ్యవధి ఇవ్వాలి. ఎడబాటు బాధను తిరుగుబాటుగా పొరబడడం వల్లనే చాలాచోట్ల చిన్న అసంతృప్తి చీలికగా మారుతుంది.

ఐక్యత పేరిట అక్రమాన్ని కప్పిపుచ్చకూడదన్నది కూడా అంతే ముఖ్యం. నిధుల దుర్వినియోగం, స్త్రీలపైన, పిల్లలపైన వేధింపులు వంటి ఆరోపణలు వస్తే వాటిని సంఘ గౌరవం పేరిట అణచివేయడం తగదు. విచారణ జరిపించాలి. నేరమైతే పోలీసులకు తెలియజేయాలి. పిల్లలపై లైంగిక నేరాల విషయంలో ఫిర్యాదు చేయడం పోక్సో చట్టం, 2012 ప్రకారం తప్పనిసరి. అభిప్రాయ భేదానికి ఓర్పు మందు. అన్యాయానికి న్యాయమే మందు. రెండింటినీ ఒకటిగా చూస్తే సంఘానికి మేలు జరగదు.

నిలిచేది సంఘమే

నాయకుడు ఎంతటివాడైనా ఒక తరానికే పరిమితం. అజరయ్య నేతృత్వంలో దోర్నకల్‌లో ఎపిఫనీ కెథడ్రల్ నిర్మాణం పూర్తయి 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. ఆ తరువాత ఆరేళ్లకే ఆయన లేరు. ఆయన ఆశించిన ఐక్యత మరి రెండేళ్లకు రూపుదాల్చింది. నంద్యాల అందులో భాగం కావడానికి మరో 28 ఏళ్లు పట్టింది. ఆయన మరణించిన నాటికి పసిబిడ్డలుగా ఉన్నవారు 1975 నాటికి తమ బిడ్డలకు బాప్తిస్మం ఇప్పించే వయసుకు వచ్చారు. అన్నేళ్లూ విడిపోయి ఉన్న సంఘాలు రెండింటిలోనూ ఆదివారం గంట మోగుతూనే ఉంది. ఇరువైపులా ఆరాధన నిలిచిపోలేదు గనుకనే తిరిగి కలవడానికి సంఘాలు మిగిలి ఉన్నాయి.

నేడు విభేదాలతో కలత చెందిన విశ్వాసులకు ఇందులో ఊరట ఉంది. చీలిక వచ్చినంత మాత్రాన కథ ముగిసినట్లు కాదు. అవతలి పక్షం వారిని పండుగనాడు పలకరించడం, వారి ఇంటి దుఃఖంలో పాలుపంచుకోవడం, వారి గురించి తెలియని మాట మాట్లాడకపోవడం ఏ తీర్మానమూ అక్కరలేని పనులు. ఇవి బిషప్ చేతిలోనో, కమిటీ చేతిలోనో లేవు. ప్రతి విశ్వాసి చేతిలోనూ ఉన్నాయి.